తేటగీతి పాదాన్ని లెక్కపెడదాం: కాంబినటోరిక్స్‌లో సొంతంగా వెతకడం, దొరికింది పోకుండా దాచుకోవడం

నా దగ్గర పదకొండు నోట్‌బుక్కులున్నాయి. వాటిలో సగం లెక్కలు ఇప్పుడు నాకే అర్థం కావు. ఒక పేజీలో "కందం: 65,53,60,000" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఇంకో నోట్‌బుక్కులో అదే కందానికి "8,51,96,800" అని ఉంది. రెండూ నా చేతిరాతే. ఏది తప్పో, తేడా ఎక్కడ వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. ఒక ఆదివారం మొత్తం పోతేగానీ తేలలేదు: రెండు లెక్కలూ కరెక్టే, కాకపోతే రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

కాంబినటోరిక్స్ అంటే "ఎన్ని రకాలుగా?" అని అడిగే గణితం. ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అని చదివిందే దానికి గుమ్మం. ఈ రంగంలో పెద్ద సరంజామా లేకుండానే సొంత ప్రశ్న వేసుకుని, సొంతంగా జవాబు దాకా వెళ్లొచ్చు. జవాబు దొరకడం ఒక ఎత్తు, దొరికినదాన్ని రెండేళ్ల తర్వాత మళ్లీ వాడుకోగలగడం ఇంకో ఎత్తు. రెండూ కలిపి ఒకే ఉదాహరణ మీద చూపిస్తాను. ఉదాహరణ మనింటిదే, తేటగీతి. బళ్లో గణ విభజన చేసినవాళ్లెవరైనా పట్టుకోగలరు. అసలు ప్రస్తారం అన్న మాటే గణితం ఛందస్సు దగ్గర తెచ్చుకున్నది.

అడుగు 1: ప్రశ్నను నిర్వచనంతో సహా రాయండి

"తేటగీతి పాదాలు ఎన్ని రకాలు?" అనేది ఇంకా ప్రశ్న కాదు. ఏ రెండు పాదాలను ఒకే రకం అనుకుంటున్నామో చెప్పాలి. మన ప్రశ్న ఇది: గురువును గ, లఘువును ల అని రాస్తే, తేటగీతి లక్షణానికి సరిపోయే గ–ల వరుసలు ఎన్ని?

లక్షణం కూడా పక్కనే పూర్తిగా రాయాలి. పాదంలో వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సూర్యగణాలు రెండు: హగణం గల (రామ), నగణం లలల (కమల). ఇంద్రగణాలు ఆరు: భ అంటే గలల (రాముడు), ర అంటే గలగ (కోమలీ), త అంటే గగల (శ్రీరామ), నల అంటే లలలల (కలవర), నగ అంటే లలలగ (తెలియదా), సల అంటే లలగల (పరమేశ). యతిని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ చివరి వాక్యం చాదస్తంగా కనిపిస్తుంది గానీ, నా కందం గొడవంతా అలాంటి వాక్యం లేకనే.

ఆ గొడవేంటో చెబుతాను. కందంలో గగ, భ, జ (లగల), స (లలగ), నల అనే ఐదు గణాలే వాడాలి. మొదటి రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలు, మొదటిదానిలో మూడు, రెండోదానిలో ఐదు. బేసి గణం జగణం కాకూడదు, ఆరోది జ గానీ నల గానీ కావాలి, ఎనిమిదో గణం గురువుతో ముగియాలి. అంటే బేసి చోట్ల నాలుగేసి అవకాశాలు, రెండో చోటా నాలుగో చోటా ఐదేసి, ఆరో చోటా ఎనిమిదో చోటా రెండేసి. గుణిస్తే 25,600. పద్యంలో రెండో సగం కూడా ఇంతే కాబట్టి 25,600ను 25,600తో గుణించి 65,53,60,000 అని రాసేశాను. కానీ కందానికి ఇంకో నియమం ఉంది. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే మొదలవ్వాలి, లఘువుతో అయితే నాలుగూ లఘువుతోనే. ఆ నియమం పెడితే సగం పద్యానికి గురువుతో మొదలయ్యేవి 5,120, లఘువుతో మొదలయ్యేవి 7,680 మిగులుతాయి. రెండింటి వర్గాలు కలిపితే 8,51,96,800. ఒక్క నియమానికి 57 కోట్ల తేడా!

అడుగు 2: ముందు చేత్తో, తర్వాత మెషీన్‌తో

నేరుగా ల్యాప్‌టాప్ తెరవకండి. మొదటి అరగంట కాగితం మీదే. తేటగీతికి చేత్తో వచ్చే మొదటి జవాబు 2×6×6×2×2 = 288. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 288 అనేది గణాలను ఎంచుకునే పద్ధతుల లెక్క. మనం అడిగింది గ–ల వరుసల లెక్క. రెండు వేర్వేరు ఎంపికల నుంచి ఒకే వరుస వస్తే అసలు జవాబు 288 కంటే తగ్గుతుంది. అక్షరాలు కలిసిపోయాక గణాల మధ్య గీతలు కనిపించవు కదా.

ఈ అనుమానాన్ని మెషీన్‌తో తీర్చుకోవచ్చు. పైథాన్‌లో పది పదిహేను వరుసల పని: గణాలన్నీ రకరకాలుగా అతికించి, వచ్చిన వరుసలను సెట్‌లో వేసి, సెట్‌లో ఎన్ని ఉన్నాయో చూడాలి. లిస్టులో వేశారంటే మళ్లీ 288 వస్తుంది, ఎందుకంటే మీరు చేసింది ఆ గుణకారమే. సెట్ అయితే ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే ఉంచుకుంటుంది. సెట్‌లోనూ 288 వస్తుంది. అంటే ఏ రెండూ కలిసిపోలేదు.

ఒక్క అంకెతో ఆగిపోవద్దు. కాంబినటోరిక్స్‌లో మొత్తం కంటే దాన్ని విడగొట్టి చూసినప్పుడే ఎక్కువ మాట్లాడుతుంది. పాదంలో ఎన్ని అక్షరాలున్నాయో చూసి విడదీయండి. 12 అక్షరాల వరుసలు 9, 13వి 45, 14వి 90, 15వి 90, 16వి 45, 17వి 9. మాత్రల ప్రకారం (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) విడదీస్తే 17 మాత్రలవి 32, 18వి 128, 19వి 128. రెండు పట్టికలూ నోట్సులోకి ఎక్కించండి, ఏది పనికొస్తుందో ఇప్పుడే తెలియదు.

అడుగు 3: ఆ అంకెలు ఇంతకుముందు ఎవరికైనా తగిలాయా?

9, 45, 90, 90, 45, 9. అన్నింటిలోనూ 9 ఉంది. తీసేస్తే 1, 5, 10, 10, 5, 1. ఇది పాస్కల్ త్రిభుజంలో ఐదో వరుస, మన పాతవాళ్ల మేరు ప్రస్తారం. వెతికే ముందు ఉమ్మడి గుణకం తీసేయడం నాకు చాలా ఆలస్యంగా అలవాటైంది. అది లేకపోతే చుట్టం ఎదురుగా ఉన్నా పోల్చుకోలేం.

వరుసను గుర్తుపట్టలేకపోతే ఓఈఐఎస్‌లో వెతకండి. ఇది పూర్ణాంకాల వరుసల విజ్ఞానకోశం. నీల్ స్లోన్ 1964లో విద్యార్థిగా ఉన్నప్పుడు తన పనికోసం వరుసలు పోగుచేయడం మొదలుపెట్టారు. 1973లో 2,372 వరుసలతో పుస్తకం వేశారు, 1996లో ఇంటర్నెట్‌లోకి తెచ్చారు, ఇప్పుడు అందులో మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. మీ అంకెలు కామాలతో కొడితే అవి ఎక్కడెక్కడ కనిపిస్తాయో, ఏ సూత్రాలున్నాయో, ఎవరు ఏం రాశారో వస్తుంది. పేరు తెలియకపోయినా అంకెతోనే వెతకొచ్చు. గణితాన్ని సర్దిపెట్టడంలో ఇంతకంటే తెలివైన ఆలోచన నేను చూడలేదు. అరబిక్‌లో రాసినా తెలుగులో రాసినా ప్రశ్న ఎలా మారినా 1, 2, 5, 14, 42 అనే వరుస (కాటలాన్ సంఖ్యలంటారు) మారదు.

పేరుతో వెతకడం ఎంత మోసం చేస్తుందో తెలియాలంటే 1, 2, 3, 5, 8, 13 చూడండి. ఇన్ని మాత్రలకు ఎన్ని గ–ల వరుసలు అన్న ప్రశ్నకు జవాబు ఇదే. మూడు మాత్రలకు లలల, లగ, గల, మొత్తం మూడు. దీన్ని విరహాంకుడు ఛందస్సులో చెప్పాడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు మళ్లీ చెప్పాడు. 1202లో ఇటలీలో కుందేళ్ల లెక్కగా ఫిబొనాచి రాశాడు, పేరు ఆయనకు దక్కింది. ఛందస్సు అరలో ఉన్నది లెక్కల అరలో వెతికేవాడికి దొరకలేదు, అంతే.

దొరికిందని గంతులు వేయడానికి ముందు ఒక జాగ్రత్త. వృత్తం మీద చుక్కలు పెట్టి, అన్నింటినీ గీతలతో కలిపితే లోపల ఎక్కువలో ఎక్కువ ఎన్ని ముక్కలవుతాయి? ఒక చుక్కకు 1, రెండిటికి 2, తర్వాత 4, 8, 16. ఆరు చుక్కలకు 32 అని మీరనుకుంటారు, వచ్చేది 31. ఐదు అంకెలు కలిశాయి కదా అని సూత్రం రాసేయకూడదు. మనకు కూడా పాస్కల్ వరుస కనిపించిందే గానీ ఎందుకు వచ్చిందో ఇంకా తెలియదు.

అడుగు 4: కారణం పట్టుకోండి

అసలు పని ఇదే, ఎక్కువ సమయం దీనికే పెట్టండి. రుజువు అంటే భయపడక్కర్లేదు. "ఇది ఇలాగే ఎందుకుండాలి?" అని మనకు మనం చెప్పుకుని ఒప్పుకోవడమే.

ఇంద్రగణాలను ఇలా రెండు వరుసల్లో రాసి చూడండి.

గలల, గలగ, గగల
లలలల, లలలగ, లలగల

కింది వరుసలో ప్రతిదీ పైదాని మొదటి గురువును రెండు లఘువులుగా చీలిస్తే వచ్చింది. సూర్యగణాలూ అంతే, గల చీలిస్తే లలల. ఇది కాకతాళీయం కాదు. ఈ గణాలను పుట్టించే సంప్రదాయ పద్ధతిలోనే ఉంది. మూడు గురువులకు ప్రస్తారం వేసి, మొదటి చోట లఘువు రావాల్సి వస్తే రెండు లఘువులు పెడతారు. వచ్చిన ఎనిమిదిలో గగగ, లలగగ అనే మొదటి రెండూ తీసేస్తారు, మిగిలిన ఆరే ఇంద్రగణాలు. రెండు గురువులతో మొదలుపెడితే నాలుగులో రెండు పోయి సూర్యగణాలు రెండు. నాలుగు గురువులతో పదహారులో రెండు పోయి చంద్రగణాలు పద్నాలుగు.

ఇప్పుడు చూడండి. ఇంద్రగణం గురువుతో మొదలైతే కచ్చితంగా మూడక్షరాలు, లఘువుతో మొదలైతే కచ్చితంగా నాలుగు. సూర్యగణం గురువుతో అయితే రెండు, లఘువుతో అయితే మూడు. అంటే పాదాన్ని ఎడమ నుంచి చదువుతూ పోతుంటే, గణంలో మొదటి అక్షరం చూడగానే ఆ గణం ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. గీత ఎక్కడ గీయాలా అన్న తడబాటే లేదు. అందుకే ఏ రెండు ఎంపికలూ ఒకే వరుసగా కలిసిపోవు. 288 పక్కా. కంప్యూటర్ శాస్త్రంలో ఇలాంటి సమూహాన్ని ప్రిఫిక్స్ కోడ్ అంటారు.

పాస్కల్ వరుస కూడా ఇదే దారిలో వస్తుంది. ఐదు గణాలూ గురువుతో మొదలైతే 2+3+3+2+2 = 12 అక్షరాలు. ఏ గణం లఘువుతో మొదలైతే ఆ గణానికి ఒక అక్షరం పెరుగుతుంది. కాబట్టి 14 అక్షరాలు కావాలంటే ఐదు గణాల్లో ఏ రెండు లఘువుతో మొదలవ్వాలో ఎంచుకోవాలి, అది 10 రకాలు. ఎంచుకున్నాక ప్రతి ఇంద్రగణానికి మూడేసి అవకాశాలు, సూర్యగణానికి ఒక్కటే, అంటే 9. 10×9 = 90. మిగతావీ అలాగే.

ఈ కారణం దొరికాక తేటగీతిని వదిలేసి పైకి వెళ్లొచ్చు. సూర్య, ఇంద్ర, చంద్రగణాలతో కట్టిన ఏ పాదానికైనా అక్షరాల పట్టిక పాస్కల్ వరుసే, ముందు ఒక గుణకం ఉంటుంది, అంతే. ద్విపద పాదం మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. కాబట్టి 11 నుంచి 15 అక్షరాల దాకా 27, 108, 162, 108, 27 అని ప్రోగ్రామ్ రాయకుండానే చెప్పొచ్చు. మొత్తం 432. ద్విపదలో ద్విపద గుణకాలు! ఇంటర్‌లో ఆ పాఠం చెప్పినప్పుడు ఎవరూ ఈ మాట అనలేదు.

అడుగు 5: ప్రశ్నను కొద్దిగా కదిపి చూడండి

జవాబు వచ్చాక అక్కడితో వదిలేస్తే అది హోంవర్క్. పక్కకు ఒక్క అడుగు వేస్తే పరిశోధన మొదలవుతుంది. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. దానికీ 288 వరుసలే, ఎందుకంటే గణాలు అవే, వరుస మారింది. మరి తేటగీతి పాదంగానూ, ఆటవెలది బేసి పాదంగానూ రెండు విధాలా చెల్లే వరుసలు ఎన్ని?

ఒకటి వెంటనే తడుతుంది: పదిహేడు లఘువులు. మూడు, నాలుగు, నాలుగు, మూడు, మూడుగా విడగొడితే తేటగీతి. మూడు, మూడు, మూడు, నాలుగు, నాలుగుగా విడగొడితే ఆటవెలది. మిగతావి చేత్తో తీద్దాం. మొదటి సూర్యగణం రెండింటికీ ఉమ్మడి, దాన్ని కోసి పక్కన పెట్టండి, చివర 2తో గుణిద్దాం. ఇప్పుడు మిగిలిన వరుస ఆటవెలది ప్రకారం రెండు సూర్యగణాలతో మొదలవ్వాలి. అది నాలుగు రకాలే: లలలలలల, లలలగల, గలలలల, గలగల. అదే వరుసను తేటగీతి కళ్లతో చదివితే ముందు ఒక ఇంద్రగణం తెగుతుంది. ఒకటీ మూడూ రకాల్లో తెగాక "లల" మిగులుతుంది, రెండూ నాలుగూ రకాల్లో "ల" మిగులుతుంది. నాలుగు కేసులు రెండైపోయాయి. తర్వాత వచ్చే తోక రెండు ఇంద్రగణాలు కావాలి. ముందు ఆ మిగులు తగిలిస్తే అది ఒక ఇంద్రగణం, రెండు సూర్యగణాలు కావాలి.

"లల" మిగిలినచోట కుదిరే తోకలు మూడు: గలలలలగల, గలగలలలల, లలలలలలలల.
"ల" మిగిలినచోట కూడా మూడే: లలగలలలగల, లలలలలలగల, లలలగలలలల.

నాలుగు మొదళ్లకు మూడేసి తోకలు, 12. మొదటి సూర్యగణం రెండు రకాలు కాబట్టి 24.

నాకు మొదట 20 వచ్చింది. మెషీన్ 24 అంది. ఆ చివరి తోక, లలలగలలలల, నా కళ్లు తప్పించుకుంది. ఇలా తేడా వచ్చినప్పుడు టెన్షన్ పడి చేతి లెక్క చింపేయకండి. ఏది వదిలేశామో వెతికితే సగం సార్లు కొత్త విషయం అక్కడే దొరుకుతుంది. మెషీన్‌నూ గుడ్డిగా నమ్మొద్దు, ఒకసారి నా ప్రోగ్రామ్‌లో సల గణమే టైప్ చేయలేదు.

యతి పెడితే ఏమవుతుంది? రెండింటికీ యతి నాలుగో గణం మొదటి అక్షరం మీదే. ఆటవెలదిలో అంతకుముందు మూడు సూర్యగణాలు, 9 మాత్రలు. తేటగీతిలో ఒక సూర్య రెండు ఇంద్ర, తక్కువలో తక్కువ 11 మాత్రలు. కాబట్టి ఆ 24లో ప్రతిదానికీ యతి స్థానం రెండు చదువుల్లో వేరుగానే ఉంటుంది. కవి పనిగట్టుకుని రెండు చోట్లా మైత్రి కూర్చితే తప్ప, యతి చూసి అది ఏ పద్యమో చెప్పేయొచ్చు. ఆటవెలది సరి పాదం సంగతి ఇంకా సులువు. ఐదు సూర్యగణాలంటే 15 మాత్రలు, తేటగీతికి కనీసం 17. ఉమ్మడి వరుసలు సున్నా. ఎందుకూ పనికిరాదేమో అనుకున్న ఆ మాత్రల పట్టిక ఇక్కడ అక్కరకొచ్చింది.

అడుగు 6: ఒక విషయానికి ఒక కార్డు

ఇక దాచుకోవడం. తేదీల వారీగా రాసే నోట్‌బుక్కు చిత్తు పనికి మంచిది, దాచుకోవడానికి కాదు. చిత్తులో తేలిన ప్రతి విషయానికీ ఒక కార్డు రాయండి. కాగితం ముక్క అయినా సరే, కంప్యూటర్‌లో చిన్న ఫైల్ అయినా సరే. నా కార్డు ఇలా ఉంటుంది.

పేరు: దేశి పాదాల అక్షరాల పట్టిక.
నిర్వచనం: సూర్య 2, ఇంద్ర 6, చంద్ర 14. గణాల క్రమం ముందే తెలుసు. యతిప్రాసలు లెక్కలో లేవు.
అంకెలు: తేటగీతి 9, 45, 90, 90, 45, 9. ద్విపద 27, 108, 162, 108, 27.
మాట: పట్టిక = గుణకం × పాస్కల్ వరుస.
స్థితి: రుజువైంది. ప్రోగ్రామ్‌తో సరిచూశాను.
కారణం: గణం లఘువుతో మొదలైతే ఒక అక్షరం ఎక్కువ, మొదటి అక్షరమే గణం పొడవు చెబుతుంది.
ఎక్కడ పనిచేయదు: గణాల క్రమం చెప్పకపోతే. 24 వరుసల కార్డు చూడు.
చుట్టాలు: గురువును చీల్చడం.

వీటిలో స్థితి అన్న గడి మీద రాజీ పడకండి. నేను నాలుగు మాటలే వాడతాను: రుజువైంది, చూశాను, అనుమానం, విన్నాను. "చూశాను" అంటే కొన్ని కేసుల్లో మెషీన్‌తో చూశానని. "విన్నాను" అంటే ఎక్కడో చదివాను, నేను సరిచూడలేదని. ఈ నాలుగూ కలిసిపోయిన నోట్సు ప్రమాదం. అనుమానంగా రాసుకున్నది ఏడాది తర్వాత సిద్ధాంతంలా కనిపిస్తుంది, దాని మీద మేడ కట్టేస్తాం.

కుదరని ప్రయత్నాలకూ కార్డు ఉండాలి. "ఈ దారిలో వెళ్లాను, ఇదిగో ఇక్కడ ఆగింది" అని రెండు ముక్కలు చాలు. లేకపోతే ఆర్నెల్లకోసారి అదే గోడకు తల కొట్టుకుంటాం.

అడుగు 7: కార్డులను దేని ప్రకారం పేర్చాలి?

టాపిక్ ప్రకారం పేర్చడం అందరూ చేసేదే: గ్రాఫులు, ప్రస్తారాలు, విభజనలు. దానితో పాటు ఉపాయం ప్రకారం ఇంకో అర పెట్టండి. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు టిమొతీ గవర్స్ ఆధ్వర్యంలో 2009లో ట్రికీ అనే సంకలనం మొదలైంది. అందులో సిద్ధాంతాలు కాదు, "ఇలాంటి ఇబ్బంది వస్తే ఇలా చేసి చూడు" అనే ఉపాయాలు ఉంటాయి. అది ఎక్కువ కాలం పెరగలేదు గానీ ఆలోచన మాత్రం బంగారం. సిద్ధాంతం ఏం నిజమో చెబుతుంది, ఉపాయం కార్డు ఇప్పుడు ఏం చేయాలో చెబుతుంది. ఇంకో పద్ధతి, ఒకే అంకె చుట్టూ అన్నీ పోగుచేయడం. అమెరికా గణితజ్ఞుడు రిచర్డ్ స్టాన్లీ కాటలాన్ సంఖ్యలు, అంటే పైన చెప్పిన 1, 2, 5, 14, 42, లెక్కపెట్టే వస్తువులను ఏకంగా 214 రకాలు ఒకచోట చేర్చారు.

మన ఛందస్సువాళ్లు ఈ పని చాలా ముందే చేశారు. ప్రస్తారం అంటే అన్నింటినీ ఒక క్రమంలో రాయడం. నష్టం అంటే ఫలానా నంబరు వరుస ఏదో చెప్పడం. ఉద్దిష్టం అంటే వరుస ఇస్తే దాని నంబరు చెప్పడం. సంఖ్య అంటే మొత్తం ఎన్నో చెప్పడం. ఏ కొత్త వస్తువు ఎదురైనా నేను ఈ నాలుగు ప్రశ్నలూ కార్డు వెనక రాసుకుంటాను. నేటి కాంబినటోరిక్స్‌లో కూడా ఈ ప్రశ్నలే, పేర్లు మారాయి.

ఉద్దిష్టం ఎలా చేస్తారంటే, అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టిస్తూ పోయి, లఘువుల మీద ఉన్నవి కూడి, ఒకటి కలుపుతారు. ఉత్పలమాల (భ ర న భ భ ర వ) 3,55,799వ వృత్తం. చంపకమాల (న జ భ జ జ జ ర) 7,11,600వది. శార్దూలం 1,49,337, మత్తేభం 2,98,676. ఈ నాలుగు అంకెలు నా దగ్గర ఏళ్ల తరబడి ఊరికే పడి ఉన్నాయి. "గురువును చీల్చడం" అని ఉపాయం కార్డు రాసిన రోజున గానీ కనిపించలేదు: 3,55,799ని రెట్టింపు చేసి 2 కలిపితే 7,11,600. 1,49,337ని రెట్టింపు చేసి 2 కలిపితే 2,98,676!

ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అని, శార్దూలానికి అలాగే చేస్తే మత్తేభం అని పద్యాలు రాసేవాళ్లందరికీ తెలుసు. చీల్చినప్పుడు మిగతా అక్షరాలన్నీ ఒక చోటు కుడికి జరుగుతాయి, కాబట్టి వాటి విలువ రెట్టింపవుతుంది. కొత్తగా వచ్చిన రెండు లఘువులు 1, 2 కలిపి 3 ఇస్తాయి. చివర కలిపే ఒకటిని సర్దుకుంటే, రెట్టింపు పైన 2. గురువుతో మొదలయ్యే ఏ వృత్తానికైనా ఇది నిజం. దేశి గణాల పాస్కల్ వరుసకూ, ఈ వృత్తాల నంబర్లకూ వెనక ఉన్నది ఒకే కదలిక. టాపిక్ ప్రకారం పేర్చి ఉంటే ఒకటి జాతుల అరలో, ఇంకొకటి వృత్తాల అరలో ఉండిపోయేవి.

అడుగు 8: పదిమందిలో పెట్టడం

ఒక్కరే చేస్తున్నప్పుడు కార్డుల పెట్టె చాలు. ఎక్కువమంది కలిస్తే ఎవరు ఎక్కడున్నారో తెలిసే పద్ధతి కావాలి. 2009లో గవర్స్ పిలుపు మీద ఎవరైనా చేరగలిగేలా పాలీమ్యాథ్ అనే ఉమ్మడి పరిశోధన మొదలైంది. కాంబినటోరిక్స్‌లో హేల్స్–జ్యూవెట్ సాంద్రతా సిద్ధాంతం అనేదానికి కొత్త రుజువు కొన్ని వారాల్లోనే రూపు కట్టింది, వ్యాసం డి.హెచ్.జె. పాలీమ్యాథ్ అనే ఉమ్మడి పేరుతో వచ్చింది. అక్కడ ప్రతి మాటకూ నంబరు ఉండేది, తేలిన సంగతులు విడిగా ఒక వికీలోకి ఎక్కేవి. 2023 నవంబరులో గవర్స్, బెన్ గ్రీన్, ఫ్రెడ్డీ మానర్స్, టెరెన్స్ టావో కలిసి ఫ్రైమన్–రూజా బహుపది ఊహను (సమితుల కూడికల గురించిన ఊహ) ఒక ముఖ్యమైన సందర్భంలో రుజువు చేశారు. దాన్ని లీన్ అనే ప్రోగ్రామ్ సరిచూసేలా మార్చడానికి మూడు వారాలు పట్టింది. రుజువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏది దేనిమీద ఆధారపడిందో బొమ్మ గీసి, పూర్తయిన ముక్కలకు ఆకుపచ్చ రంగు వేస్తూ పోయారు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే చిన్న పనికి లీన్ అక్కర్లేదు, ఆ బొమ్మ మాత్రం గోడకు అంటించుకోండి.

మీకు దొరికింది కొత్తదేనా అని తేల్చుకోవడానికి ఓఈఐఎస్ తర్వాత ఆర్కైవ్‌లో (arXiv, పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా దొరికే సైటు) కాంబినటోరిక్స్ విభాగం చూడండి, దగ్గర్లో ఉన్న ఒక లెక్కల మాస్టారికి, ఒక ఛందస్సు తెలిసినవారికి చూపించండి. పాతదే అని తేలితే బాధేమీ లేదు, కార్డు మీద ఎవరు ఎప్పుడు చెప్పారో రాసి, స్థితి గడి దిద్దుకోవడమే.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది మళ్లీ ఆ కందమే. అక్షరాల సంఖ్య ప్రకారం విడదీస్తే బేసి గణాల్లో రెండక్షరాలది ఒకటి (గగ), మూడక్షరాలవి రెండు (భ, స), నాలుగక్షరాలది ఒకటి (నల). అంటే 1, 2, 1, పాస్కల్ వరుసే. రెండో చోటా నాలుగో చోటా జగణం కూడా వచ్చి 1, 3, 1 అవుతుంది, అక్కడ వరుస చెడుతుంది. ఆరో చోట జ, నల రెండే కాబట్టి 1, 1, ఎనిమిదో చోట గగ, స కాబట్టి మళ్లీ 1, 1. సగం కందంలో చిక్కంతా రెండే రెండు గణాల్లో ఉంది. పాదాల మొదటి అక్షరాల నియమం కూడా పెట్టి ఈ పట్టిక వేయండి. మొత్తం 8,51,96,800కు సరిపోవాలి.